కదపని కలశం

పోయినవారం మనం ఆ ఇంటి తలుపు దగ్గరగా వేసి వచ్చేసరికి, పనిగదిలో అమ్మవారి విగ్రహానికి మెడ మీద మొహం నిలిచింది, మొహం మీద తడిగుడ్డ కప్పి ఉంది. విగ్రహాలు చేసే మామగారు కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని లోపలి గదిలో పడుకున్నారు. పూజగదిలో నిరుడు నవరాత్రులకి పెట్టిన కలశం ఈనాటికీ పెట్టినచోటే ఉంది. నిరుడు నిమజ్జనం రోజున విగ్రహం వెంట ఏటికి వెళ్ళిన ఆ ఇంటి కూతురు తిరిగి రాలేదు. అది వచ్చేదాకా కలశం కదపనని తల్లి అంది. కదపలేదు.

ఆ ఇంట్లో సంతోషంగా ఉన్న మనిషి ఒక్కతే, కొత్త కోడలు. ఆ సంతోషాన్ని కూడా దొంగసొత్తులా కొంగు చాటున పెట్టుకుని తిరుగుతోంది.

ఏం చేస్తుంది పాపం, పెళ్ళయిన కొత్త. పొద్దుటి ఎండ కిటికీలోంచి వచ్చి మొగుడి వీపు మీద చారలు చారలుగా పడితే సంతోషం. అతను టీలో రెండు చెంచాల పంచదార వేసుకుని, ఒక్క చెంచానే అని చెబితే ఇంకా సంతోషం. ఎందుకంటే అబద్ధం చెబితే అతని చెవులు ఎర్రబడతాయి. ఈ రహస్యం అత్తగారే చెప్పింది, కాపురానికి వచ్చిన కొత్తల్లో. "వాడి నోటిని నమ్మకమ్మాయ్, చెవులు చూడు. పుట్టిన దగ్గర్నుంచీ అంతే" అని. అత్తగారు నవ్వగా కోడలు చూసింది ఆ ఒక్కసారే.

ఆ పెళ్ళి కూడా ఒక ఎర అని కోడలికి తెలుసు. "తమ్ముడి పెళ్ళంటే ఎక్కడున్నా రెక్కలు కట్టుకుని వాలుతుంది మా పిచ్చుక" అంటూ అత్తగారు పట్టుబట్టి ముహూర్తం పెట్టించింది. కూతుర్ని ఆ ఇంట్లో పిచ్చుక అనే పిలిచేవారు, నోరు మూతపడదు కాబట్టి. పీటల మీద తల వంచుకుని కూర్చున్న పెళ్ళికూతురికి, తాళి కట్టే వేళ కూడా అత్తగారి కళ్ళు గుమ్మం వైపే ఉండడం కనిపించింది. పిచ్చుక రాలేదు. "దారిలో ఏదో అడ్డం పడి ఉంటుంది" అంది అత్తగారు, చుట్టాలకి బస్సు తప్పిపోయినట్టు.

కూతురి ఫొటో ఒక్కటీ గోడ మీద లేదు. గోడకెక్కితే దండ అడుగుతుందని అత్తగారు అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. కోడలు చూసిందల్లా మొగుడి పర్సులో ఉన్న చిన్నప్పటి ఫొటో. రెండు జడలు, ముందుపళ్ళు ఊడిన నవ్వు, పక్కన లాగు జారిపోతున్న తమ్ముడు.

ఫొటో కనబడకపోయినా ఆ చివరి ఉదయం మాత్రం రోజూ వినబడుతుంది. బియ్యం ఏరుతూ చెబుతుంది అత్తగారు, బట్టలు మడతపెడుతూ చెబుతుంది. "ఆ పొద్దున ఒకటే సందడి. వంగి లేచింది, వంటింటి అలమర తలుపు కొట్టుకుంది. ఎడం కనుబొమ్మ చివర చీరుకుపోయింది. నేనే కడిగి పట్టీ అంటించా. 'అమ్మా, ఒకటి రెండు ముక్కలైంది, ఇప్పుడు నాకు మూడు కనుబొమ్మలు' అంది. నవ్వుకుంటూ వెళ్ళొస్తానంది. నవ్వుకుంటూనే గడప దాటింది." ఎప్పుడు చెప్పినా ఇంతే, ఒక్క మాట అటూ ఇటూ కాదు. మొదట్లో కోడలికి ఏడుపొచ్చేది. తర్వాత్తర్వాత కూర తరుగుతూ ఊకొట్టడం అలవాటైంది. తనకి అలవాటైందని తెలిసిన రోజున మాత్రం చాకు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుంది.

కూతురు కనబడకుండా పోయిన మర్నాడు ఆనకట్ట తలుపుల దగ్గర ఎవరో ఆడమనిషి తేలిందని కబురొస్తే, తండ్రీ కొడుకూ పరుగెత్తారు. పొద్దు వాలాక తిరిగొచ్చి "మన పిల్ల కాదు" అన్నారు. ఆ మాట మీదే ఆ ఇల్లు ఇన్నాళ్ళూ నిలబడి ఉంది.

*

పండుగంటే ఏమిటో కోడలికి ఈ ఇంటికొచ్చాకే తెలిసింది. పుట్టింట్లో పండుగంటే కొత్తబట్టలు, కాలేజీకి సెలవు. ఇక్కడ మట్టి తొక్కడంతో మొదలు. నానిన బంకమట్టిని పాదాలతో తొక్కుతుంటే వేళ్ళ సందుల్లోంచి చల్లగా పైకి ఉబుకుతుంది. మొదటిరోజు ఆపుకోలేక కిలకిలా నవ్వేసి, ఈ ఇంట్లో నవ్వొచ్చునో లేదోనని నాలిక కరుచుకుంది.

మామగారు కోప్పడలేదు. "నవ్వు తల్లీ. ఆవిడ వచ్చేది ఇందులోకే, నవ్వు వినబడితే తొందరగా వస్తుంది" అన్నారు.

"అంటే ఇప్పుడు ఇందులో లేదా మామయ్యా?"

"ఇప్పుడిది మట్టి. పండుగనాడు పంతులుగారు ఆవాహన చేస్తారు. అంటే రమ్మని పిలవడం. పిలిస్తే వస్తుంది. తొమ్మిది రోజులూ మనింటి మనిషిలా ఉంటుంది. నిద్ర లేపుతాం, నైవేద్యం పెడతాం, హారతిచ్చి పడుకోబెడతాం. ఆఖర్న ఉద్వాసన. వెళ్ళిరా తల్లీ అని చెప్పి, కలశాన్ని కాస్త పక్కకి కదుపుతాం. అంతే. ఆ కదలికతో ఆవిడ తన చోటికి తాను వెళ్ళిపోతుంది. ఇది మళ్ళీ మట్టే. ఏటి దగ్గర తెచ్చుకున్న మట్టిని ఏటికి ఇచ్చేస్తాం."

"ఇంత అందంగా చేసి నీళ్ళలో వదలడానికి మనసెలా ఒప్పుతుంది?"

"ఒప్పదు" అన్నారు మామగారు. "పిలవడానికేముంది, ఎవరైనా పిలుస్తారు. పంపించడం దగ్గరే ప్రాణం పోతుంది. అది నేర్చుకోవడానికే ఈ పండుగ. ఏటా నేర్చుకుంటాం, ఏటా మర్చిపోతాం."

ఆ మాట అంటూ పూజగది వైపు చూసి, చూపు తిప్పేసుకున్నారు.

అక్కడ పీట మీద రాగి చెంబు నల్లబడింది. చెంబులో ఆకులు ఎండి, ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉన్నాయి. కొబ్బరికాయ ముడుచుకుపోయింది. పీట మీద దుమ్ము తుడిచేటప్పుడు అత్తగారు చెంబు చుట్టూ వేలితో తుడుస్తుంది గానీ చెంబుని ఒక్క వెంట్రుకవాసి జరపదు. ఆమె లెక్క ఆమెది. ఉద్వాసన చెప్పలేదు కాబట్టి అమ్మవారు ఇంకా ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఉన్నావిడ ఈ ఇంటి పిల్లని వెతికి తేకుండా ఊరుకుంటుందా?

పంతులుగారు మాత్రం ఫోన్లో తెగేసి చెప్పారు. "పాత కలశం కదపకుండా కొత్త కలశం ఎలా పెట్టనండీ? వచ్చినావిడ లోపల కూర్చునే ఉంటే, వీధిలో నిలబడి మళ్ళీ రమ్మని పిలిచినట్టు ఉంటుంది." కాబట్టి ఈ సాయంత్రం విగ్రహం మండపానికి బయలుదేరేలోగా ఇంట్లో కలశం కదలాలి. ఆ సంగతి అత్తగారితో ఎవరు చెబుతారు? మామగారు కొడుకుని చూశారు. కొడుకు పెళ్ళాన్ని చూశాడు. పెళ్ళాం పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పారిపోయింది. పొయ్యి మీద పాలు లేవు.

*

ఇక మొహం సంగతి.

విగ్రహానికి ఒళ్ళంతా చేత్తో చేసినా మొహాన్ని అచ్చులో తీస్తారు. మామగారి అచ్చు వాడి వాడి అరిగిపోయింది. ముక్కు ఎక్కడ ఆగిందో, బుగ్గ ఎక్కడ మొదలైందో తెలియదు. ఆయన్ని కంటి ఆస్పత్రిలో చేర్చిన రోజున, ఇంతకంటే మంచిది ఉండకపోతుందా అని కోడలు అటకెక్కింది. బాగా వెనక, పగిలిన బుట్టల చాటున, మెత్తటి చీరముక్కలో చుట్టి ఇంకో అచ్చు దొరికింది. ఒక్కసారి కూడా వాడినట్టు లేదు. మట్టి నొక్కి తీసి చూస్తే ప్రాణం లేచొచ్చింది. కళ్ళు మూసుకున్న ఆడపిల్ల మొహం. పెదవి చివర చిన్న గుంట కూడా పడింది. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివి, రికార్డులో ఆకు ఈనె ఒక్కటి వదలకుండా బొమ్మలు గీసిన పిల్ల కదా, ఆ మొహంలో ఉన్న ఏ మడతనీ ఏ గీతనీ పోనివ్వలేదు. మామగారు వచ్చి చేత్తో తడిమి "ఎవరు నేర్పారే నీకు" అంటే చాలు, ఆ వారమంతా గాల్లో నడవచ్చు అనుకుంది.

కానీ ఆయన తడమలేదు. కళ్ళు తెరిచేదాకా అమ్మవారి మొహాన్ని చేసేవాళ్ళు తప్ప ఇంట్లో ఇంకెవరూ చూడకూడదు, ముట్టకూడదన్నది ఆ ఇంటి ఆచారం. కళ్ళు తెరిపించేవాళ్ళు తలస్నానం చేసి, ఒంటరిగా, మాట్లాడకుండా ఆ పని చెయ్యాలి. తొలిచూపు మనుషుల మీద పడకూడదని ఎదురుగా అద్దం పెట్టి, పక్కన నిలబడి అద్దంలో చూస్తూ గీయాలి. ఎన్నో ఏళ్ళుగా ఆ పని మామగారిదే. ఈసారి నల్లద్దాలు సవరించుకుంటూ "నీ చెయ్యి వణకదు, నువ్వే తెరిపించు" అన్నారు.

ఈ పొద్దున కోడలు తడిగుడ్డ తీసింది. మూసిన రెప్పల మీద తెల్లరంగు వేసి, నల్లరంగుతో గుండ్రాలు దిద్దింది. చివరి చుక్క పెట్టగానే అద్దంలోంచి అమ్మవారు ఆమెని చూసింది. కోడలు కుంచె పట్టుకునే చేతులు జోడించింది. మాట్లాడకూడదని మర్చిపోయి "వచ్చారా, దండాలండీ" అంది నెమ్మదిగా. అని తనలో తనే నవ్వుకుంది.

ఆ నవ్వు విని, పని అయిపోయిందనుకుని, అత్తగారు టీ పట్టుకుని వచ్చింది.

గుమ్మంలో నిలబడితే ముందు అద్దమే కనిపిస్తుంది. అత్తగారు అద్దంలో చూసింది. టీ గ్లాసు చేతిలోంచి పడలేదు. రంగుల డబ్బాల పక్కన స్టూలు మీద, చప్పుడైతే ఎవరైనా నిద్రలేస్తారన్నట్టు మెల్లగా పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"వచ్చేసింది" అంది.

"అవునత్తయ్యా, ఇప్పుడే కళ్ళు తెరిపించా. బాగా వచ్చిందా?"

"చెప్పలేదూ నేను? కలశం కదపకండి, ఆవిడ ఊరికే కూర్చునే రకం కాదూ అని. ఒక్కరు నమ్మారా? మొహం చూపించింది చూడు. ఉంది కాబట్టేగా చూపించింది."

కోడలు కుంచె దించింది. "ఎవరత్తయ్యా?"

"మీ వదిన" అంది అత్తగారు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

అత్తగారు లోపలికి వెళ్ళి దువ్వెన తెచ్చింది. విగ్రహానికి అతికించిన జుట్టుని విప్పదీసి, "దానికి నడిమిపాపిడి నప్పదు. నుదురు చిన్నది" అంటూ పక్కపాపిడి తీయడం మొదలుపెట్టింది. "కాస్త చిక్కినట్టుంది కదూ?"

"మట్టి ఆరితే కుదించుకుపోతుందత్తయ్యా. అందుకని..."  చేసిందేమిటో కోడలికి అప్పుడర్థమైంది. అర్థమై కూడా, సిగ్గులేని ఆశ ఒకటి లోపల రెక్క విప్పుకుంది. అత్తగారి మొహం వెలుగుతోంది. కాపురానికొచ్చాక ఇంత వెలుగు ఆ మొహంలో చూడలేదు. తెలియకపోతేనేం, మంచిపనే చేశానేమో.

మాటలు విని మామగారు గోడ పట్టుకుంటూ వచ్చారు. "ఏమిటి, దువ్వెన చప్పుడు?"

"రండి, మీ కూతుర్ని చూద్దురు గాని" అంది అత్తగారు.

ఆయన అద్దాలు తీయలేదు. చెయ్యి చాపారు. నుదుటి మీద వేళ్ళు పడ్డాయి, బుగ్గ మీదికి జారాయి, పెదవి చివరి గుంట దగ్గర ఆగాయి. 

"ఏ అచ్చమ్మా ఇది?"

"అటక మీద... చీరముక్కలో చుట్టి ఉంటే... కొత్తదనుకున్నా మామయ్యా."

మామగారు మట్టి బస్తా మీద కూలబడ్డారు. సంతలో బేరం చెబుతున్నట్టు మామూలు గొంతుతో అన్నారు. "ఈ మొహం తీసేద్దాం. పాత అచ్చుతో ఇంకోటి తీసి అతికిద్దాం. ఆవాహన ఇంకా కాలేదు, తప్పులేదు. ఇది మట్టే."

"కళ్ళు తెరిచాక మట్టంటారేం? కళ్ళు తెరిచినదాన్ని చెక్కితే చెయ్యి పడిపోతుందని పెళ్ళయిన కొత్తలో నాకు చెప్పిందెవరు?"

"సరే, తియ్యొద్దు. మండపానికి పంపిద్దాం. ఊరంతా దండం పెట్టుకుంటుంది. తొమ్మిది రోజులయ్యాక..."

"అయ్యాక?"

మామగారు బస్తా అంచుని వేళ్ళతో నలిపారు.

"అయ్యాక ఏం చేస్తారు, చెప్పండి. పడవలో ఎక్కించి తీసుకెళ్ళి నీళ్ళలో తోస్తారు. అంతేగా? నిరుడు ఏరు మింగలేదని మీరే చెప్పారు. ఏరు వదిలేసిన పిల్లని ఈ ఏడు మీరే తీసుకెళ్ళి మింగిస్తారా?"

"అది అమ్మవారే. నీ కూతురు కాదు. రూపం ఎవరిదైతే ఏం, ఆవిడ అన్ని రూపాల్లోకీ వస్తుంది, అన్నింట్లోంచీ వెళ్ళిపోతుంది. ఉద్వాసన చెప్పాక మిగిలేది..."

"మీ వేదాంతం మట్టికి చెప్పుకోండి" అంది అత్తగారు, దువ్వడం ఆపకుండా. "పోతున్నానని చెప్పినవాళ్ళకి ఉద్వాసన. వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళినవాళ్ళకి కాదు. వాళ్ళ కోసం అన్నం తీసిపెట్టాలి, అంతే."

"ఎన్నాళ్ళు తీసిపెడతావే?"

"మీరు తినండి, నేను తీసిపెడతా. మీకేం కష్టం?"

మామగారు తల వంచుకున్నారు. నల్లద్దాల కిందనుంచి నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి. కంటికి నీళ్ళు తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కోడలు గుడ్డ అందించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

అత్తగారికి ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చింది. "ఇంతకీ ఈ అచ్చు ఎప్పుడు తీశారండీ? నాకు తెలియకుండా?"

"కాలేజీలో చేరిన ఏడు." జవాబు వెంటనే వచ్చింది. ఎన్నోసార్లు లోపల అనుకుని సిద్ధం చేసిపెట్టుకున్న జవాబులా వచ్చింది. "సెలవుల్లో. నువ్వు మీ పుట్టింటికి వెళ్ళావు. మొహానికి నూనె రాసి, ప్లాస్టర్ పోసి... సరదాకి."

"చూడు, తండ్రీకూతుళ్ళ దొంగాటలు." అత్తగారు నవ్వింది. నిజంగానే నవ్వింది. "అయినా నేను నమ్మను. ప్లాస్టర్ గట్టిపడేదాకా కదలకుండా పడుకుందా? అంతసేపు నోరు మూసుకుందా మా పిచ్చుక?"

మామగారు నల్లద్దాలు సవరించుకున్నారు.

"మూసుకుంది" అన్నారు.

*

ఆ ఒక్క మాట కోడలి చెవిలో పడి, అక్కడే ఉండిపోయింది.

ఎందుకో తెలియకుండానే ఆమె చూపు విగ్రహం మొహం మీదికి వెళ్ళింది. పక్కపాపిడి తీశాక నుదురంతా బయటపడింది. ఎడం కనుబొమ్మ చివర సన్నటి గాడి ఉంది. మట్టి నొక్కి తీసినప్పుడే చూసింది దాన్ని. అచ్చు చేసినవాళ్ళు ముచ్చటపడి పెట్టి ఉంటారనుకుంది. కనుబొమ్మకి నల్లరంగు వేస్తూ అక్కడ కాస్త ఖాళీ వదిలింది, ముద్దుగా ఉందని. కనుబొమ్మ రెండు ముక్కలైంది.

ఒకటి రెండు ముక్కలైంది, ఇప్పుడు నాకు మూడు కనుబొమ్మలు.

రోజూ కూర తరుగుతూ విన్న మాట. చాకు కింద టమాటాలా ఇన్నాళ్ళూ జారిపోయిన మాట. కాలేజీలో చేరిన ఏటికి ఆ దెబ్బ ఎక్కడిది? అది తగిలింది ఆ చివరి ఉదయం. ఆ ఉదయం గడప దాటిన మనిషి మళ్ళీ ఈ ఇంటికి రాలేదు. మరి ఆ దెబ్బతో సహా ఆమె మొహానికి అచ్చు తీసినవాళ్ళు ఆమెని ఎక్కడ చూశారు? కళ్ళు మూసుకుని, నోరు మూసుకుని, ప్లాస్టర్ గట్టిపడేదాకా కదలకుండా పడుకున్న పిచ్చుకని?

ఆనకట్ట దగ్గర. పొద్దు వాలేదాకా వాళ్ళు తిరిగి రాకపోవడం అందుకే.

కోడలికి కాళ్ళ కింద నేల మెత్తబడినట్టయింది, తొక్కిన మట్టిలా. వదిన లేదు. ఏడాదిగా లేదు. తన పెళ్ళి పందిరి వేసిననాటికి ఆ ఇంట్లో చావు జరిగి ఉంది. మామగారికి తెలుసు. ఆనకట్టకి ఆయనతో పాటు పరుగెత్తిన మనిషి ఇంకొకడు ఉన్నాడు. లేదు, తన మొగుడు బయటే నిలబడి ఉంటాడు. తండ్రి ఒక్కరే లోపలికెళ్ళి చూసొచ్చి, కాదని చెప్పి ఉంటారు. అతను నమ్మేసి ఉంటాడు. ఆ చెవులతో ఏడాది పాటు ఎవరైనా అబద్ధం మోయగలరా?

అత్తగారు దువ్వెన పక్కన పెట్టి, వేలి చివరతో విగ్రహం కణత నిమురుతోంది. ఇంకో అంగుళం జరిగితే కనుబొమ్మ. నోటి వెంట అప్పుడే మొదలైంది. "ఆ పొద్దున ఒకటే సందడి. వంగి లేచింది..."

కోడలు కుంచెని నల్లరంగులో ముంచింది. ఒక్క గీత చాలు. గాడి నిండిపోతుంది, కనుబొమ్మ ఒక్కటవుతుంది, ఈ ఇల్లు ఇంకో ఏడాది నిలబడుతుంది. అబద్ధం మీదైతేనేం, నిలబడుతుంది. "ఒక్క నిమిషం అత్తయ్యా, ఇక్కడ రంగు సరిగ్గా అంటలేదు, దిద్దేస్తా."

అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది. గట్టిగా కూడా పట్టుకోలేదు. "ఉండు. ఏమైంది దానికి, బాగానే ఉందిగా?"

చూసింది. వేలు తీసుకెళ్ళి ఆ గాడిలో పెట్టింది. పట్టీ అంటించిన వేలే అది. గాడి పొడుగెంతో, ఏ వాలున దిగిందో, చివర ఎక్కడ కాస్త వెడల్పయిందో ఆ వేలికి తెలుసు.

రోజూ ఒక్క మాట అటూ ఇటూ కాకుండా సాగే కథ మొదటిసారి మధ్యలో ఆగిపోయింది.

"పగులు అది" అన్నారు మామగారు. ఏం చూస్తోందో ఆయనకి కనబడదు. నిశ్శబ్దాన్ని బట్టి పోల్చుకున్నారు. "ఆరేటప్పుడు పడుంటుంది. పగుళ్ళు మామూలేగా."

"మీతో కాపురం చేసి ఇన్నేళ్ళయింది" అంది అత్తగారు. "పగులేదో తెలియదా నాకు?"

ఆమె అరవలేదు, ఏడవలేదు. టీ చల్లారి మీగడ కట్టిన గ్లాసుని తీసి కిటికీలో పెట్టింది, రంగుల్లో ఒలుకుతుందని. విగ్రహం జుట్టు భుజం మీద సర్దింది. తర్వాత పనిగదిలోంచి పూజగదిలోకి నడిచింది. ఆ నడకలో తొందర లేదు. కోడలు కుంచె పట్టుకునే వెనకాల వెళ్ళింది. నల్లరంగు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది.

వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది. విగ్రహం తీసుకెళ్ళడానికి ముందుగా తాళ్ళూ గోనెలూ పట్టుకుని కొడుకు వచ్చాడు. వస్తూనే పెళ్ళాన్ని చూసి కళ్ళతో నవ్వాడు. రోజూ అయితే ఆ నవ్వుకి ఆమె పూట గడిచిపోయేది.

"ఒరే, ఇలా రా" అంది తల్లి, పూజగదిలోంచి.

అతను గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తల్లి అటు తిరిగి, పీట ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి కలశం మీద ఉంది. ఇన్నాళ్ళూ వెంట్రుకవాసి జరపనివ్వని కలశం మీద.

"ఆనకట్ట దగ్గర మీరు చూసిందెవర్నిరా?"

తాడు అతని చేతిలోంచి జారింది. వెనక్కి తిరిగి తండ్రి కోసం చూశాడు. పనిగది గుమ్మంలో తండ్రి నిలబడి ఉన్నారు గాని, నల్లద్దాల్లో ఏం చదువుకుంటాడు?

"ఎవరో పరాయి మనిషమ్మా. అప్పుడే చెప్పాంగా. మన పిచ్చుక కాదు."

గొంతు తడబడలేదు. ఎన్నిసార్లు చెప్పాడో ఆ మాట, నున్నగా అరిగిపోయింది.

తల్లి వెనక్కి తిరగలేదు. ఎండిన కొబ్బరికాయ మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

"అమ్మాయ్" అంది. "నేను చూడలేనమ్మా. చూస్తే నేనేమైపోతానో నాకే తెలియదు. నువ్వు చూసి చెప్పు. వాడి చెవులు ఎలా ఉన్నాయి? బాగున్నాయంటే ఈ కలశం ఇలాగే ఉంచుతా. లేదంటే ఇప్పుడే, ఇక్కడే కదిపేస్తా. నీ మాటే నా మాట."

కోడలు మొగుడి వైపు చూసింది. అతను ఆమెనే చూస్తూ, వద్దన్నట్టు తలని మెల్లగా అడ్డంగా ఊపుతున్నాడు. అతని వెనక వీధి తలుపులోంచి ఎండ పడుతోంది. ఆ చెవుల్ని చూసి ఎన్ని పొద్దులు నవ్వుకుందో, ఎంత మురిసిపోయిందో ఆమెకి తెలుసు. ఇంత ఎరుపు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"చెప్పమ్మా" అంది అత్తగారు.

కలశంలో ఎండిన ఆకు ఒకటి చప్పుడు లేకుండా రాలింది. కోడలు నోరు తెరిచింది.